‘చెయ్యి తియ్యి’ అంటే ఆగని చెయ్యి: తోలు గిల్లుకునే అలవాటును అదుపులో పెట్టుకోవడానికి సమగ్ర మార్గదర్శి

మా ఆఫీసులో హాజరు వేలిముద్రతో పడుతుంది. పొద్దున తొమ్మిదిన్నరకి లైన్లో నిలబడి బొటనవేలు పెడితే మిషన్ ‘మళ్ళీ ప్రయత్నించండి’ అంటుంది. ప్యాంటుకి తుడుచుకుని మళ్ళీ పెడతాను. మళ్ళీ అదే మాట. మూడోసారికి వెనకున్నవాళ్ళు వాచీ చూసుకోవడం మొదలుపెడతారు. “వేలు తడిగా ఉందేమో సార్” అంటాడు సెక్యూరిటీ అబ్బాయి. తడి ఎక్కడిది? ముందురోజు రాత్రి ఆ వేలి మీది తోలంతా నేనే పీకేశాను. గీతలు ఉండాల్సిన చోట ఎర్రటి చర్మం నున్నగా మెరుస్తోంది.

14వ ఏట మొదలైంది ఈ అలవాటు. ఇప్పుడు నాకు 39. మధ్యలో తల మీది పక్కులు, గడ్డం కింద లోపలికి తిరిగిన వెంట్రుకలు కూడా వచ్చి చేరాయి. గోళ్ళు కొరికితే ఇంటికి దరిద్రమని మా అమ్మ భయపెట్టింది, వేళ్ళకి వేపనూనె రాసింది. నాలుగు రోజుల్లో ఆ చేదు నాలుకకి అలవాటైపోయింది. ఆ తర్వాత ఇంట్లో ఎటు తిరిగినా ఒకటే మాట, “చెయ్యి తియ్యి”. తీసేవాణ్ణి. రెండు నిమిషాలకి అది తన చోటికి తాను వెళ్ళిపోయేది.

ఇన్నేళ్ళలో పనికొచ్చినవి, పనికిరానివి, డాక్టర్ల దగ్గర నేర్చుకున్నవి ఇక్కడ వరసగా రాస్తున్నాను. జుట్టు పీక్కునేవాళ్ళకి, గోళ్ళు, పెదవులు, బుగ్గ లోపలి చర్మం కొరుక్కునేవాళ్ళకి కూడా చాలావరకు ఇదే దారి.

ముందు దీని సంగతి తెలుసుకోండి

మొటిమ గిల్లనివాళ్ళు, పక్కు పీకనివాళ్ళు ఎవరుంటారు! పుండ్లు పడేదాకా వెళ్తున్నా, మానాలని ఎన్నిసార్లు అనుకున్నా చెయ్యి ఆగకపోతున్నా, దానివల్ల పనికో నలుగురిలోకి వెళ్ళడానికో ఇబ్బంది అవుతున్నా, అప్పుడు దాన్ని జబ్బుగా లెక్కేస్తారు. చర్మం గిల్లుకోవడాన్ని వైద్యులు ఎక్స్‌కోరియేషన్ డిజార్డర్ అంటారు, పాతపేరు డెర్మటిల్లోమేనియా. జుట్టు పీక్కోవడం ట్రైకోటిల్లోమేనియా. జుట్టు జబ్బుకి ఈ పేరు 1889లో ఫ్రెంచ్ వైద్యుడు హలోపో పెట్టింది. చర్మం సంగతి కూడా 19వ శతాబ్దం నుంచే వైద్య పుస్తకాల్లో ఉంది కానీ, అమెరికా మానసిక వైద్యుల సంఘం తన జబ్బుల పట్టిక డీఎస్ఎం-5లో దీన్ని విడి జబ్బుగా చేర్చడానికి 2013 దాకా పట్టింది. ఓసీడీ, అంటే అదే ఆలోచన, అదే పని మళ్ళీ మళ్ళీ వెంటాడే జబ్బు, దాని చుట్టాల వరసలో కూర్చోబెట్టారు. అమెరికాలో 10 వేల పైచిలుకు పెద్దవాళ్ళని అడిగిన ఒక సర్వేలో, ఆ సమయానికి ఈ జబ్బు ఉన్నవాళ్ళు నూటికి ఇద్దరు తేలారు. ఆ లెక్కన 500 మంది వచ్చిన పెళ్ళిలో ఓ పదిమంది చేతులు దాచుకుని భోంచేస్తున్నట్టు.

ఇది ఎలా నడుస్తుందో చెప్తాను. వేలికి ఎక్కడో గరుకు తగులుతుంది. దాన్ని నున్నగా చేయాలనిపిస్తుంది. లాగితే కొత్త అంచు లేస్తుంది, అది ఇంకా గరుకు. పుండు పడుతుంది, మానుతుంది, పక్కు కడుతుంది. ఆ పక్కు మళ్ళీ గరుకు. గిల్లినప్పుడు ఒక్క క్షణం హాయిగా ఉంటుంది, వెంటనే సిగ్గేస్తుంది. ఆ సిగ్గుకి టెన్షన్ పెరుగుతుంది, టెన్షన్‌కి చెయ్యి మళ్ళీ వేలి మీదకి పోతుంది. ఇంత గట్టిగా బిగుసుకున్న చక్రం మధ్యలో ‘మనసు గట్టిచేసుకో’ అన్న సలహా ఎక్కడ పెట్టాలో నాకైతే ఎప్పుడూ అర్థం కాలేదు.

ఒక జాగ్రత్త. మీరు గీరుకోవడానికి కారణం దురదే అయితే సంగతి వేరు. గజ్జి, ఎగ్జిమా, థైరాయిడ్, కాలేయం, కిడ్నీ సమస్యల్లో దురద వస్తుంది. ముందు చర్మ డాక్టరుకి చూపించండి. ఒంటి లోపల పురుగులు పాకుతున్నట్టు ఉండి గీరుతున్నా డాక్టరుతో చెప్పాల్సిందే.

వారం రోజులు ఏమీ మానకండి, రాసుకోండి

ఈ మెట్టు చాలామంది దాటేస్తారు. నేనూ దాటేశాను, అందుకే పదేళ్ళు పోగొట్టుకున్నాను. జేబులో పట్టే నోట్‌బుక్ చాలు, ఫోన్‌లో నోట్స్ అయినా సరే. గిల్లిన ప్రతిసారీ ఒక్క లైను రాయండి. తిట్టుకోవద్దు. చిల్లర ఖర్చు రాసుకున్నట్టు రాయండి. నా పుస్తకంలోంచి మూడు లైన్లు:

మంగళవారం, రాత్రి 10.40. మంచం మీద, ఫోన్‌లో రీల్స్. ఎడమ బొటనవేలు. ఎప్పుడు మొదలైందో తెలీదు, మంట పుట్టాక తెలిసింది.

బుధవారం, ఉదయం 8.15. బాత్రూం అద్దం. గడ్డం కింద వెంట్రుక. కావాలనే, పట్టకారుతో. 20 నిమిషాలు. ఆఫీసుకి లేటు.

గురువారం, మధ్యాహ్నం 3. లెక్క 1,140 రూపాయలు తేడా. తల మీద, ఎడమచెవి వెనకాల పక్కు. తేడా దొరికాక ఆగింది.

మూడూ మూడు రకాలని చూస్తుంటేనే తెలుస్తుంది. మొదటిది తెలియకుండా జరిగేది. రెండోది కళ్ళు పెట్టుకుని, పనిముట్టు పట్టుకుని చేసేది. మూడోది టెన్షన్ బాపతు. మూడింటికీ మందు ఒకటే అయితే ‘చెయ్యి తియ్యి’ అన్నమాటే పనిచేసి ఉండేది.

వారం తర్వాత ఆ లైన్లు చదువుతూ ఐదు ప్రశ్నలు వేసుకోండి. వేళ్ళకి ఏం కావాలి: నున్నదనమా, లాగినప్పటి ఊడుడా, నొక్కినప్పటి ‘టప్’మనడమా? మనసులో ఏ మాట నడుస్తోంది: ‘ఈ ఒక్కటి తీసేస్తే అయిపోతుంది’ లాంటిదేమైనా ఉందా? అప్పుడు ఎలా ఉన్నాను: విసుగ్గానా, కోపంగానా, నిద్రమత్తులోనా? చెయ్యి ఏ దారిన వెళ్ళింది: మోచెయ్యి బల్ల మీద ఆనించి గడ్డం పట్టుకున్నానా? ఎక్కడున్నాను? ఈ ఐదు గదుల పద్ధతి చార్లెస్ మాన్స్యూటో అనే అమెరికన్ మనస్తత్వవేత్త, ఆయన తోటివాళ్ళు తయారుచేసింది. నా పుస్తకం తిరగేస్తే సగానికి పైగా లైన్లలో మంచమో బాత్రూమో ఉన్నాయి. నేను మాత్రం అప్పటిదాకా ఆఫీసు టెన్షనే కారణమని అందరికీ చెప్పుకుంటూ తిరిగాను.

చోటు మార్చండి

ఇది తేలిక, ఒక్క ఆదివారం పని. అద్దానికి దగ్గరగా నిలబడనివ్వకుండా కింద బకెట్టో స్టూలో పెట్టండి. చెయ్యి చాచినంత దూరంలో అందరి చర్మమూ బాగానే ఉంటుంది. బాత్రూంలో తెల్లగా మండే బల్బు తీసి తక్కువ వెలుతురుది పెట్టండి. పట్టకారు, పిన్నీసులు, భూతద్దంలా చూపించే అద్దం ఇంట్లో ఇంకొకరికి ఇచ్చేయండి, వాళ్ళు ఎక్కడ పెట్టారో అడగొద్దు. లోపలికి వెళ్ళేముందు ఫోన్‌లో ఐదు నిమిషాలకి అలారం పెట్టుకుని, ఫోన్ గది బయట ఉంచండి. మోగితే ఆపడానికి బయటకి రావాల్సిందే.

గోళ్ళు రెండు రోజులకోసారి కత్తిరించి అంచులు రుద్దండి. గోరు పట్టు దొరక్కపోతే సగం పని అక్కడే ఆగుతుంది. వేలి పక్కన తోలు లేచిందా, లాగకుండా చిన్న కత్తెరతో లేచినంతే కత్తిరించండి. లాగితే అది మంచి చర్మంలోకి దిగుతుంది, ఆ తర్వాత గోరుచుట్టు. దాని మీద రోకటిపోటు ఎలాగూ ఉండనే ఉంది.

అడ్డం పెట్టండి

తెలియకుండా చేసే గిల్లుడికి దీనంత మంచి ఉపాయం లేదు. మెడికల్ షాపులో దొరికే మైక్రోపోర్ టేపు, ఆ తెల్ల కాగితం లాంటిది, బొటనవేళ్ళకి ఒక చుట్టు చుడితే చాలు. చెయ్యి వెళ్తుంది, చర్మం బదులు టేపు తగులుతుంది, ఓహో అనుకుంటాను. నాకు కావాల్సింది ఆ ‘ఓహో’నే. మొహానికైతే మొటిమల మీద అంటించే హైడ్రోకొల్లాయిడ్ ప్యాచ్‌లు ఉన్నాయి. పుండులోని తడి పీల్చుకుంటాయి, వేలిని దూరంగా ఉంచుతాయి. చీము పట్టినదాని మీద మాత్రం వేయకండి. చేతులు గిల్లుకునేవాళ్ళు ఇంట్లో పొడుగు చేతుల పల్చని కాటన్ చొక్కా వేసుకోవచ్చు. తల గిల్లుకునేవాళ్ళు రాత్రి రుమాలు కట్టుకోవచ్చు. రాత్రి చేతులకి వాజ్‌లైన్ పట్టించి కాటన్ గ్లవ్స్ వేసుకోవడం మే నెలలో నావల్ల కాలేదు. చలికాలంలో బాగానే ఉంటుంది.

గుండు గురించి కూడా చెప్పాలి. జుట్టు పీక్కునేవాళ్ళు తిరుపతి వెళ్ళి తలనీలాలు ఇచ్చేస్తే అలవాటు వదిలిపోతుందని మనవైపు నమ్మకం. పీకడానికి ఏమీ లేనన్నాళ్ళు చెయ్యి ఊరుకుంటుంది నిజమే. వేలికి అందేంత పెరిగాక మళ్ళీ వస్తుంది. మొక్కు మొక్కుగా తీర్చుకోండి, వైద్యం వైద్యంగా చేయించుకోండి. తల మీది పక్కుల కోసం నేనూ ఒకసారి చేయించుకున్నాను. పుండ్లన్నీ ఊరందరికీ కనిపించాయి, అంతే.

చేతికి ఇంకో పని ఇవ్వండి

1973లో నేథన్ అజ్రిన్, గ్రెగరీ నన్ అనే ఇద్దరు పరిశోధకులు హ్యాబిట్ రివర్సల్ అనే పద్ధతిని బయటపెట్టారు. ఇప్పటికీ ఈ జబ్బులకి మొదట చెప్పే వైద్యం అదే. గిల్లాలనిపించగానే, లేదా చెయ్యి బయల్దేరిందని తెలియగానే, ఆ చేత్తో గిల్లడం కుదరని ఇంకో పని ఒకటి నుంచి మూడు నిమిషాలు చేయాలి. పిడికిలి మెల్లగా బిగించి ఒళ్ళో పెట్టుకోవడం, కుర్చీ చేతిని పట్టుకోవడం, రెండు అరచేతులు ఒకదాని మీద ఒకటి అదిమి ఉంచడం. నలుగురిలో చేసినా ఎవరికీ తెలియనిది ఎంచుకోండి. ఆ మూడు నిమిషాల్లో కోరిక అలలా లేచి దానంతటదే తగ్గుతుంది. మొదట్లో రోజుకి 30 సార్లు చేయాల్సి వచ్చేది. మూడో వారానికి పిడికిలి దానంతటదే బిగుసుకోవడం చూసి నాకే నవ్వొచ్చింది.

అయితే పిడికిలి టెన్షన్‌కి సరిపోతుంది కానీ, వేళ్ళు కోరుకున్న రుచి ఇవ్వదు. నా వేళ్ళకి కావాల్సింది ‘సర్రుమని ఊడి రావడం’. ఈ సంగతి నాకు వంటింట్లో తెలిసింది. ఒక ఆదివారం మా ఆవిడ చిక్కుడుకాయలు నా ముందు పోసి ఈనెలు తీయమంది. చివర తుంచి కిందికి లాగితే ఈనె కాయ పొడుగునా సన్నగా, తెగకుండా వచ్చింది. కాయ తిప్పి రెండోవైపు కూడా అలాగే. అరకిలో కాయలు అయ్యేసరికి 40 నిమిషాలు గడిచాయి. అంతసేపట్లో నా చేతులు ఒకదాన్నొకటి ముట్టుకోలేదు. పుస్తకంలో ‘చిక్కుడు: 0’ అని రాసుకున్నాను.

అక్కణ్ణుంచి వెతుకులాట మొదలైంది. ఊడుడు ఇష్టమైనవాళ్ళకి వెల్లుల్లి రెబ్బలు, నానబెట్టిన బాదం పప్పు. అరచేతికి ఫెవికాల్ పల్చగా రాసి ఆరాక పొరలా తీయడం కూడా బాగుంటుంది, చిన్నప్పుడు బళ్ళో అందరం చేసిందే. చర్మం మీద పుండు ఉన్న చోట వద్దు. ‘టప్’ కావాల్సినవాళ్ళకి పచ్చి బఠానీలు, వేరుశనక్కాయలు, పార్సిళ్ళలో వచ్చే బుడగల కవరు. జుట్టు పీక్కునేవాళ్ళకి వేళ్ళ మధ్య తిప్పడానికి పట్టుదారం, పాత బ్రష్షు, పూలు కట్టే నార. మాల కట్టడం వస్తే ఇంకా మంచిది, రెండు చేతులూ కట్టుబడిపోతాయి. నున్నదనం కావాల్సినవాళ్ళు జేబులో గోదావరి గులకరాయి ఒకటి వేసుకోండి, బొటనవేలితో రుద్దుకోవచ్చు. ఆఫీసులో చిక్కుడుకాయలు కుదరవు కాబట్టి నా టేబుల్ సొరుగులో ఒక రబ్బరు బంతి, స్టిక్కర్ల కాగితం ఉంటాయి.

వస్తువు చెయ్యి ఉన్నచోటే ఉండాలి. మంచం పక్కన అలవాటు, హాల్లో బంతి ఉంటే లాభం లేదు. రీల్స్ చూసే చోట ఒకటి, బండి తాళాలకి ఒకటి, టీవీ రిమోట్ పక్కన ఒకటి పెట్టండి.

పుండ్ల సంగతి

మామూలు సబ్బు, నీళ్ళతో కడిగి, మెత్తగా అద్ది, వాజ్‌లైన్ పల్చగా రాసి పుండు మీద పట్టీ వేయండి. తడిగా ఉన్న పుండు త్వరగా మానుతుంది, గట్టి పక్కు కట్టదు. పక్కు లేకపోతే గిల్లడానికీ ఏమీ ఉండదు. ‘గాలి తగలనీ, ఎండనీ’ అనే పాత సలహా మనలాంటివాళ్ళకి విషం. టూత్‌పేస్టు, నిమ్మరసం, నీళ్ళు కలపని యాంటీసెప్టిక్ వద్దు. మానిపోయిన చోట మన చర్మానికి నల్లమచ్చ పడుతుంది, నెలల తరబడి ఉంటుంది. పగలు సన్‌స్క్రీన్ రాసుకుంటే త్వరగా పోతుంది. మచ్చ పోవాలని మెడికల్ షాపువాళ్ళని అడిగి ఏదో తెల్లటి క్రీము తెచ్చుకోకండి. అలాంటి చాలా క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటుంది. వాడేకొద్దీ చర్మం పల్చబడి, మొటిమలు ఎక్కువై, గిల్లడానికి కొత్త సరుకు తయారవుతుంది. వేళ్ళ గరుకుకి 10 శాతం యూరియా ఉన్న క్రీము మంచిది, పుండు మీద మాత్రం మండుతుంది.

చీము, చుట్టూ వేడి, ఎర్రగా పైకి పాకుతున్న గీత, జ్వరం వీటిల్లో ఏది కనిపించినా ఆరోజే డాక్టరు దగ్గరికి. షుగర్ ఉన్నవాళ్ళు కాలి పగుళ్ళు పీక్కుంటుంటే చీము దాకా ఆగొద్దు.

ఇంట్లోవాళ్ళతో, పిల్లలతో

“చెయ్యి తియ్యి” బదులు ఏం అనాలో మీరే చెప్పండి, వాళ్ళకి తెలీదు. మా ఆవిడతో నేను చేసుకున్న ఒప్పందం: ఏమీ అనదు, బంతి తెచ్చి చేతిలో పెడుతుంది. అదీ ఇంట్లోనే. చుట్టాల ముందు, పెళ్ళిలో చేతులు పట్టుకుని చూపించడం నిషేధం. పుండ్లు లెక్కపెట్టడం కూడా. మా అమ్మకి ఇంకా కుదరడం లేదు, ఫోన్లో కూడా “వేళ్ళెలా ఉన్నాయిరా” అంటుంది. సరే, అమ్మ.

పిల్లలు గోళ్ళు కొరికితే కొట్టడం, కారం రాయడం చేయకండి. రెండేళ్ళో మూడేళ్ళో ఉన్న పిల్లలు జుట్టు పీక్కోవడం చాలాసార్లు దానంతటదే పోతుంది. పీకిన జుట్టు మింగుతుంటే మాత్రం ఆలస్యం చేయొద్దు. అది కడుపులో ఉండలా చుట్టుకుని అడ్డంపడుతుంది, ఆపరేషన్ దాకా వస్తుంది. కడుపునొప్పి, వాంతులు, ఆకలి తగ్గడం కనిపిస్తే జుట్టు సంగతి డాక్టరుకి మీరే చెప్పాలి, పిల్లలు చెప్పరు. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు, గోళ్ళు కొరుకుతుంది. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకున్న రాత్రి మాత్రం పది వేళ్ళూ చాచుకుని బుద్ధిగా పడుకుంటుంది. తెల్లారి పండిన గోళ్ళు పాడవకూడదని ఓ వారం తనే చూసుకుంటుంది. నేను చెప్పిన ఏ ఉపాయం కన్నా అదే ఎక్కువ పనిచేసింది.

డాక్టరు దగ్గర ఏం అడగాలి

రెండు నెలలు ఇవన్నీ చేసినా ఆగకపోతే, లేదా దిగులు, నిద్రపట్టకపోవడం తోడైతే, సైకియాట్రిస్టునో క్లినికల్ సైకాలజిస్టునో కలవండి. గుచ్చి అడగండి: “చర్మం గిల్లుకోవడం ఆపలేకపోతున్నాను. హ్యాబిట్ రివర్సల్ ట్రైనింగ్ ఇస్తారా?” మీ నోట్‌బుక్ తీసుకెళ్ళండి, సగం ప్రశ్నలకి అందులోనే జవాబులుంటాయి. నేను మొదట వెళ్ళిన ఒక క్లినిక్‌లో “పెళ్ళయితే తగ్గుతుంది” అన్నారు. బయటికొచ్చి నాలుగేళ్ళు ఎవరికీ చూపించుకోలేదు. అలాంటి మాట వినబడితే డాక్టర్ని మార్చండి, వైద్యాన్ని వదలొద్దు. హైదరాబాద్ ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, విశాఖలో ఉంది, బెంగళూరులో నిమ్హాన్స్ ఉంది. ఎర్రగడ్డ పేరెత్తితే మనవాళ్ళు జోకులేస్తారని తెలుసు. వేసుకోనివ్వండి. ముందు ఫోన్లో మాట్లాడాలనుకుంటే 14416కి చేయండి. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ ఇది. డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు.

మందుల మీద ఎక్కువ ఆశా వద్దు, భయమూ వద్దు. డిప్రెషన్‌కీ ఓసీడీకీ ఇచ్చే ఎస్ఎస్ఆర్ఐలు కొందరికి పనిచేస్తాయి, కొందరికి చేయవు. కఫం కరగడానికి వాడే ఎన్-అసిటైల్ సిస్టీన్‌ని 2016లో వచ్చిన ఒక అమెరికా పరిశోధనలో 66 మంది మీద 12 వారాలు పరీక్షించారు. చివరిదాకా ఉన్నవాళ్ళని లెక్కేస్తే ఆ మందు వేసుకున్నవాళ్ళలో 47 శాతం మందికి బాగా తగ్గింది, ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో 19 శాతం మందికి. అల్జీమర్స్ మందు మెమాంటిన్ మీద 2023లో వచ్చిన పరిశోధనలోనూ ఫలితాలు బాగున్నాయి. ఏదైనా డాక్టరు రాస్తేనే వేసుకోవాలి, ఆస్తమా ఉంటే ముందే చెప్పాలి. ఇప్పటికే వాడుతున్న మందుల చీటీ కూడా చూపించండి. ఏడీహెచ్‌డీకి, అంటే కుదురూ ఏకాగ్రతా లేకపోవడానికి, వాడే కొన్ని మందులు కొందరిలో గిల్లుడు పెంచుతాయి.

మళ్ళీ మొదలైన రాత్రి

వస్తుంది. పరీక్షలప్పుడో, ఇంట్లో ఎవరికైనా బాగోలేనప్పుడో, ఏమీ లేకుండానో. ఆ రాత్రి ఏం చేయాలో మంచి రోజున కాగితం మీద రాసి బాత్రూం తలుపుకి అంటించుకోండి. నాది ఇలా ఉంటుంది: చేతులు కడుగు. వాజ్‌లైన్, టేపు. గది మారు. పుస్తకంలో ఒక్క లైను రాయి. ‘ఎలాగూ చెడిపోయింది కదా, మిగతాది కూడా పీకేద్దాం’ అనే మాట వస్తుంది, దానికి జవాబివ్వకుండా పడుకో.

పైపొర తోలు కొత్తగా రావడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. లోపలి పొర దాకా దెబ్బతినకపోతే గీతలు మళ్ళీ పాత ముగ్గులోనే వస్తాయి. అప్పటిదాకా ఆధార్ పనులకి కనుపాపతోనో, మొహంతోనో, ఓటీపీతోనో చేయమని అడగొచ్చు. మా ఆఫీసు మిషన్‌లో కుడి బొటనవేలు జనవరి నుంచి మొదటిసారికే పడుతోంది. మార్చి నెలాఖరు లెక్కల్లో ఎడమది పోయింది. హెచ్ఆర్‌కి చెప్పి చూపుడువేలు కూడా ఎక్కించుకున్నాను.